ఫలితాలొచ్చిన మరుసటి వారం

సంపాదకులకు నమస్కారం.

ఉత్తరం కొంచెం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సోది కత్తిరించండి, కింద రాసిన ఫీజుల లెక్క, ఫోన్ నంబరు మాత్రం ఉంచండి. పేరు వేయకండి. దాచుకోవడానికేం లేదు కానీ, నా షాపుకు వచ్చిన పిల్లలు ఇది చదివి "ఇది మా గురించే" అనుకుంటే బాగుండదు.

హన్మకొండలో నాకు జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ ఉంది. పెట్టి 20 ఏళ్లు దాటింది. నయీంనగర్ వైపు కాలేజీలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి నా గిరాకీలో ముప్పాతిక వంతు పిల్లలే. బోనఫైడ్ జిరాక్సులు, రికార్డులకు అట్టలు, ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ దరఖాస్తులు, డిగ్రీ సీట్ల దోస్త్ ఆప్షన్లు, హాల్ టికెట్ ప్రింట్లు. పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్, హుజూరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే వాళ్లను రోజూ చూస్తాను. నేను సైకాలజిస్టును కాను, లెక్చరర్‌ను కాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు పిల్లల ముఖాలు చూడటం మాత్రం నా పనిలో భాగం.

పోయిన ఆదివారం మీరు పరీక్షల ఒత్తిడి మీద ఒక పేజీ వేశారు. పొద్దున్నే లేవాలి, నీళ్లు బాగా తాగాలి, ఫోన్ పక్కన పెట్టాలి, పాజిటివ్‌గా ఆలోచించాలి. మంచి మాటలే, తప్పు పట్టను. కానీ పేజీ మొత్తం రెండుసార్లు చదివినా ఫెయిలైతే ఏం చేయాలో ఒక్క ముక్క కనిపించలేదు. మన దగ్గర పరీక్షల ముందు ఫెయిల్ అన్న మాట ఎత్తితే శుభకార్యంలో తుమ్మినట్టు చూస్తారు. "అపశకునం మాటలు మాట్లాడకు" అంటారు. దాంతో పిల్లలకు ఆ మాట గురించి మొదటిసారి తెలిసేది ఫలితాల రోజు మధ్యాహ్నమే, అదీ ఒంటరిగా, ఫోన్ స్క్రీన్ మీద.

ఒకప్పుడు ఫలితాల రోజు నా షాపు మెట్ల కింది దాకా జనం ఉండేవారు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, పాసైన వాళ్లు నా దగ్గరికి రారు, వాళ్లు స్వీట్ షాపుకు పోతారు. సాయంత్రం ఒక్కొక్కరే మెల్లగా వచ్చేది ఫెయిలైన వాళ్లు. వాళ్లకు సంగతి తెలుసు, చూసుకునే వస్తారు. "అన్నా, ఫోన్ల తప్పు చూపిస్తున్నదేమో, జర నీ కంప్యూటర్ల కొట్టి చూడరాదే" అంటారు. కొడతాను. అదే వస్తుంది, నా కంప్యూటర్‌కు వేరే బోర్డు ఏమన్నా ఉందా? కానీ సర్వర్ గుండ్రంగా తిరుగుతున్న ఆ ఒక్క నిమిషం వాళ్లు ఊపిరి కూడా తీసుకోరు.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. షాపు పెట్టిన కొత్తలో నంబరు కొట్టి ఫలితం గట్టిగా చదివేవాణ్ని. పాస్, ఫెయిల్ అని, బస్సులో కండక్టర్ స్టేజీ పేరు అరిచినట్టు. జనం ఎక్కువ, తొందర, నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ఒకసారి ఒకమ్మాయి నంబరు కొట్టి పది మంది ముందు "ఫెయిల్" అన్నాను. ఆమె ఏడవలేదు, నవ్వింది. కౌంటర్ మీద 20 రూపాయల నోటు పెట్టి చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు. అన్నం తినేటప్పుడు గుర్తొచ్చేది, రాత్రి షట్టర్ దించేటప్పుడు గుర్తొచ్చేది. ఆమె పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎవరిని అడగాలి? నాలుగో రోజు వాళ్ల అన్నను వెంటబెట్టుకొని సప్లిమెంటరీ ఫీజు గురించి అడగడానికి వచ్చింది. అప్పటిదాకా నాకు సరిగా నిద్ర పట్టలేదు. చిల్లర ఇస్తే "ఉంచు అన్నా, జిరాక్స్ తీపిచ్చుకుంట" అంది. అప్పటి నుంచి ఫలితాల రోజు మానిటర్ గోడ వైపు తిప్పుతాను, ఎవరిది వాళ్లకే చూపిస్తాను. ఇంత చిన్న పని నాకు ముందే ఎందుకు తోచలేదో తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. ఫెయిలైన పిల్లలు మెమో చదవరు. "ఫెయిల్" అన్న ముక్క ఒక్కటే చదువుతారు. మొదటి సంవత్సరం ఎంపీసీ అనుకోండి, మొన్నమొన్నటి దాకా ఉన్న లెక్క ప్రకారం 470 మార్కులు. రెండు భాషలు వందేసి, మ్యాథ్స్ ఏ, బీ 75 చొప్పున, ఫిజిక్స్, కెమిస్ట్రీ 60 చొప్పున. ఆరు పేపర్లు. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది పోగొట్టుకున్నది ఒకటో రెండో. ఫిజిక్స్‌లో పాస్ కావడానికి 60కి 21 కావాలి, పిల్లవాడికి 17 వచ్చాయి. అంటే నాలుగు మార్కులు. మిగతా ఐదు పేపర్లూ పాసే, ఒక్కోసారి ఇంగ్లిష్‌లో 80 దాటి కూడా ఉంటాయి. అయినా వాడి లెక్కలో వాడి బతుకే ఫెయిల్. అందుకని నేను పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, పెన్ను పెట్టి ఒక్కో లైను చదివిస్తాను. ఇది పాస్, ఇది పాస్, ఇది పాస్, ఇదొక్కటి పోయింది, ఎన్ని తక్కువ? నాలుగు. ఈ నాలుగు తెచ్చుకోవడానికి ఎన్ని రోజులున్నాయి? నెల. నేను చేసేది ఇంతే. ఓదార్పు మాటలు నాకు రావు. కానీ చివరి లైనుకు వచ్చేసరికి సగం మంది భుజాలు కాస్త కిందికి దిగుతాయి, నీళ్లు అడుగుతారు.

ఫస్టియర్‌లో తప్పినా సెకండియర్‌లో కూర్చోవచ్చని, ఏడాది పోదని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బడికి పోనివాళ్లే కాదు, ఉద్యోగాలు చేసే వాళ్లు కూడా "ఇగ మళ్ల ఫస్టియరేనా?" అని అడుగుతారు. కాదు. రెండో ఏడు చదువుతూనే పోయిన పేపరు రాసుకోవచ్చు. ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఇదివరకు ఉన్న 25 శాతం వెయిటేజీని కూడా 2023లో తీసేశారు. ఇంజినీరింగ్ సీటు కావాలంటే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం తెచ్చుకొని పాసై ఉండాలి. ఈ నాలుగు సంగతులు మార్చికి ముందే తెలిసి ఉంటే ఏప్రిల్‌లో ఎంత బరువు తగ్గుతుందో ఆలోచించండి.

నేను భయపడేది ఫలితాల రోజు గురించి కూడా కాదు, ఆ తర్వాతి వారం గురించి. 2025 సంగతి చూడండి. ఏప్రిల్ 22న ఫలితాలు వచ్చాయి, మే 22 నుంచి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. సరిగ్గా 30 రోజులు. రీకౌంటింగ్‌కు, అంటే మార్కులు మళ్లీ కూడి చూడటానికి, పేపరుకు 100 రూపాయలు, జవాబు పత్రం స్కాన్ కాపీతో రీ వెరిఫికేషన్‌కు పేపరుకు 600. వీటికీ, సప్లిమెంటరీ ఫీజుకూ గడువు సుమారు వారమే. ఆ వారంలో ఇంట్లో ఏం జరుగుతుంది? మొదటి రెండు రోజులు తల్లి ఏడుపు, తండ్రి మౌనం లేదా తిట్లు. మూడో రోజు మేనమామ ఫోన్. నాలుగో రోజు పక్కింటి పిల్లకు ఎన్ని వచ్చాయన్న ముచ్చట. ఐదో రోజు కాలేజీకి ఇంకా కట్టాల్సిన బకాయి మీద గొడవ. పిల్లవాడు దుప్పటి ముసుగు తీయడు. ఇంటి నిండా ఏదో సావు జరిగినట్టు ఉంటుంది, గడువు మాత్రం దాని దారిన అది దాటిపోతుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి "లేట్ ఫీజుతోటి ఏమన్నా తీసుకుంటరా అన్నా" అని అడిగిన తండ్రుల ముఖాలు నేను మరిచిపోలేను. అప్పుడప్పుడు గడువు పొడిగిస్తారు, ప్రతిసారీ పొడిగిస్తారని చెప్పలేం.

ఒక మాట పెద్దవాళ్లు గమనించాలి. 2025లో పదో తరగతి ఉత్తీర్ణత 92.78 శాతం. అదే ఏడాది ఇంటర్ ఫస్టియర్‌లో 66.89. పదిలో 100 మందికి ఏడుగురు తప్పితే, ఏడాది తిరిగేసరికి 100 మందికి 33 మంది. ఆ పదికి ముందు అసలు తప్పడమే ఉండదు, కింది తరగతుల్లో అందర్నీ పైకి పంపుతారు కదా. చిన్న పిల్లల్ని ఫెయిల్ చేయాలని నేను అనడం లేదు, అది మహా పాపం. కానీ 16 ఏళ్ల దాకా "నీది తప్పింది, మళ్లీ చెయ్" అన్న మాట వినని పిల్లవాడు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మారి, అమ్మ చేతి అన్నం వదిలి హాస్టల్ సాంబారుకు వచ్చి, ముగ్గురిలో ఒకరు ఫెయిలయ్యే పరీక్షలో జీవితంలో మొట్టమొదటిసారి ఫెయిలవుతాడు. వాడికి అలవాటు లేదు. ఈత రానివాణ్ని నేరుగా చెరువు నడిమధ్యలో దింపినట్టు ఉంటుంది వ్యవహారం. మళ్లీ మనమే "ఈ కాలం పిల్లలకు తట్టుకునే శక్తి లేదు" అని చాయ్ దుకాణం దగ్గర తీర్పు చెబుతాం.

నేనూ ఫెయిలయ్యాను. 90ల్లో మాట. అప్పట్లో ఫలితాలు మీలాంటి పేపర్లలోనే వచ్చేవి, పాసైన నంబర్లు వరుసగా అచ్చేసేవారు. పరకాల బస్టాండ్‌లో ఒకే పేపర్ మీద ఏడెనిమిది తలలు వంగి చూసేవి. నా ముందు నంబరు ఉంది, నా తర్వాత నంబరు ఉంది, నాది లేదు. అచ్చు తప్పు పడిందేమోనని ఇంకో పేపర్ కొని చూశాను (అంటే నా దగ్గరికి వచ్చి కంప్యూటర్లో కొట్టమనే పిల్లలకు నేనేమీ తీసిపోను). ఊరికి పోయి నెల రోజులు ఇంట్లోంచి బయటకు రాలేదు. జూన్‌లో రెండు వానలు పడ్డాక పత్తి గింజలు పెట్టారు, సగం మొలవలేదు. ఒకరోజు పొద్దున మా నాయిన "లే, పోగుంటలు పెట్టాలె" అని చేనుకు తీసుకుపోయాడు. నాకేదో నీతి చెప్పాలని తీసుకుపోయాడని అనుకోకండి, ఆ రోజు కూలి మనిషి దొరకలేదు, అంతే. మొలవని చోట మళ్లీ గింజ పెట్టుకుంటూ సాలు వెంట సాలు పోయాం. మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ఒక్క మాట అన్నాడు. "ఇది పది రోజుల్ల పెట్టాలె. ఆలస్యమైతే పక్క చెట్టు నీడకు ఇది ఎదగది." ఆయన పత్తి గురించే అన్నాడు. నేను మాత్రం సాయంత్రం ఇంటికి రాగానే సంచిలోంచి లెక్కల పుస్తకం తీశాను. నడుము నొప్పికి ఎట్లాగూ నిద్ర పట్టలేదు, అదీ ఒక కారణమే. అప్పట్లో సప్లిమెంటరీ అంటే నెలల తరబడి ఆగాలి. రెండోసారి 41 మార్కులతో గట్టెక్కాను. నేనేమీ కలెక్టర్‌ను కాలేదు, జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నాను, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్నాను, ఇల్లు కట్టుకున్నాను. ఫెయిలై తర్వాత గొప్పవాళ్లయిన వాళ్ల కథలే ఎప్పుడూ వేస్తారు మీరు. ఫెయిలై, తర్వాత మామూలుగా బతుకుతున్న వాళ్లు ఈ జిల్లాలో వేలమంది ఉన్నారు, మా కథలు వేయండి. ఫెయిలైన పిల్లవాడికి ఆ పూట కావాల్సింది మాలాంటి వాళ్ల కథే, ప్రపంచాన్ని జయించిన వాళ్ల కథ వింటే వాడికి ఇంకో పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

ఇక 2019 గురించి రాయకుండా ఉండలేను. ఆ ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తే రాష్ట్రంలో 3 లక్షల మందికి పైగా ఫెయిల్ అన్నారు. ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయని తర్వాత త్రిసభ్య కమిటీయే తేల్చింది. మంచిర్యాల జిల్లాలో ఒకమ్మాయికి తెలుగులో 0 వేశారు, మళ్లీ సరిచూస్తే 99. సున్నాకు తొంభై తొమ్మిదికి మధ్య ఆ పిల్ల ఎన్ని రాత్రులు ఎట్లా గడిపిందో. ఫెయిలైన వాళ్లందరి పేపర్లు ఉచితంగా మళ్లీ చూస్తామని ప్రభుత్వం చెప్పింది, కానీ ఆ గొడవంతా తేలేలోపు 20 మందికి పైగా పిల్లలు మనకు లేకుండా పోయారు. ఆ వారం నా షాపులో నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. అందుకే చెబుతున్నాను, పిల్లలకు ధైర్యం నేర్పించండి అని ఊరికే అంటే సరిపోదు. మెమోలో వచ్చిన అంకె తప్పు కూడా కావచ్చు, దాన్ని ప్రశ్నించే దారి ఉంది, దానికి ఫీజు ఇంత, గడువు ఇది అని చెప్పడం కూడా ధైర్యం నేర్పడమే. ఒక్క నిమిషం ఆలస్యమైతే పరీక్షకు రానివ్వని నిబంధనను కూడా 2024లో ఐదు నిమిషాలకు సడలించారు. ఆ బుద్ధి ముందే ఉంటే బాగుండేది. గేటు దగ్గర ఆగిపోయిన పిల్లవాణ్ని తట్టుకోమనే ముందు గేటు సంగతి చూడాలి కదా.

కాలేజీల దగ్గరికి వస్తాను. పేర్లు రాయను, రాయాల్సిన అవసరం కూడా లేదు, అందరిదీ ఒకటే తంతు. వారం వారం టెస్టు, మార్కులను బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి లెక్చరర్. ఆదివారం రాసిన టెస్టు ర్యాంకులు సోమవారం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో. కింది నుంచి నాలుగోవాడి తండ్రి జనగామలో ఆటో స్టాండ్ దగ్గర నిలబడి అది చూసుకుంటాడు, రాత్రి హాస్టల్ ఫోన్‌కు చేసి తిడతాడు. పిల్లవాడికి మాట్లాడటానికి దొరికేదే ఐదు నిమిషాలు. టెస్టు పెట్టడం తప్పు కాదు. నిజానికి తప్పడం అలవాటు కావడానికి వారం వారం టెస్టు కంటే మంచి సాధనం లేదు. తప్పు చేశాక ఆ తప్పును ఏం చేస్తున్నారన్నదే ప్రశ్న. కొన్నిచోట్ల పిల్లలతో తప్పుల లిస్టు రాయిస్తారు, మంచి పద్ధతే, కానీ అది కూడా ఇంపోజిషన్ లాగా 11 గంటల దాకా కూర్చోబెట్టి రాయిస్తే ఇంకేం మిగులుతుంది? నిద్ర లేని బుర్రకు పొద్దున చదివింది సాయంత్రానికి ఉండదు.

దీనికి ఎదురుగా ఒకటి చూశాను. నాకు తెలిసిన ఒక సర్కారు జూనియర్ కాలేజీ లెక్చరర్ ఉన్నారు, ప్రశ్నపత్రాలు నా దగ్గరే జిరాక్స్ తీయిస్తారు. ప్రతి పేపర్ రెండు విడతలుగా తీయిస్తుంటే "ఎందుకు సార్, ఒకేసారి తీస్తే అయిపాయె గదా" అన్నాను. ఆయన పద్ధతి ఏమిటంటే, టెస్టు పెట్టి, దిద్ది, ఎక్కడ పోయిందో పక్కన రాసి ఇచ్చేస్తారు. మూడు రోజుల తర్వాత అదే పేపర్ మళ్లీ రాయాలి. రిజిస్టర్‌లో ఎక్కేది రెండో మార్కే. "మొదటిది నాకు, రెండోది వాళ్లకు" అన్నారు. పిల్లలు మొదటిసారి 60కి 9 వచ్చినా నవ్వుకుంటూ నా దగ్గరే ఆ పేపర్ పట్టుకొని కొట్లాడుకోవడం చూశాను, "నీకు తొమ్మిదా, నాకు ఏడురా" అని. ఆయన ఇంకోటి కూడా చేస్తారు. కిందటేడు సప్లిమెంటరీలో పాసైన పిల్లల్ని సంక్రాంతి తర్వాత క్లాసుకు పిలిచి మాట్లాడిస్తారు. ఫీజు ఎక్కడ కట్టారు, ఇంట్లో ఎవరికి ముందు చెప్పారు, నెల రోజులు ఎట్లా చదివారు. ఆ క్లాసుకు ఒక్కరు కూడా డుమ్మా కొట్టరట. జీతం తప్ప పైసా అదనంగా రాని ఆ సార్ చేసే పని, లక్షలు తీసుకునే చోట ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

2025 జులై 25న సుప్రీంకోర్టు విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో తీర్పిస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి, వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు అని అందులో ఉంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, పరీక్ష తప్పడం వల్ల పోయిన ప్రాణాలు 2,248 అని కూడా ఆ తీర్పులోనే ఉంది. మీ విలేకరులు ఒక్కరోజు నయీంనగర్ నుంచి భీమారం దాకా నడుచుకుంటూ పోయి, ప్రతి గేటు దగ్గర "మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు?" అని అడిగి, వచ్చిన జవాబు వచ్చినట్టే వేయండి. వ్యాఖ్యానం అక్కర్లేదు. చాలాచోట్ల వార్డెనే కౌన్సెలర్ అని చెబుతారని నా అనుమానం, తప్పయితే సంతోషిస్తాను.

తల్లిదండ్రుల గురించి రాస్తే నన్ను నేను తిట్టుకున్నట్టే, నా పెద్దోడి మార్కులు చూసి నేనూ ఒకసారి గొంతు లేపాను. కానీ ఒకాయన్ని చూశాను, ఆయన గురించి రాయాలి. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చాడు, భుజం మీద తువ్వాల, వెనక కొడుకు తల వంచుకొని. నేను మెమో తీసి ఇచ్చాను. రెండు పేపర్లు పోయాయి. ఆయనకు చదవడం రాదు. "రెండు పోయినయ్" అని కొడుకే చెప్పాడు, గొంతు రాలేదు వాడికి. ఆయన నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు. "మళ్ల పరీక్ష ఎప్పుడు సారూ?" "పైసలు ఎన్ని కట్టాలె?" చెప్పాను. లెక్కపెట్టి కొడుకు చేతిలోనే పెట్టి "పోయి కట్టు బిడ్డా" అన్నాడు. తర్వాత ఇద్దరూ ఎదురుగా బండి దగ్గర నిలబడి మిర్చీ బజ్జీలు తిన్నారు. కొడుకు రెండోది వద్దంటే ఆయన బలవంతంగా వాడి పేపర్లోకి వేశాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదనే అనుకుంటున్నాను. నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఆ రెండు ప్రశ్నలంత పనికొచ్చే మాట కనపడలేదు.

అందరికీ అట్లాంటి తండ్రి ఉండడు. అందుకే నంబరు రాస్తున్నాను: 14416. టెలి మానస్ అంటారు, మనసు బాగా లేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే నంబరు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేను కౌంటర్ మీద అట్ట ముక్క మీద రాసి పెట్టే ముందు నేనే ఒకసారి చేసి చూశాను, పనిచేయని నంబరు పిల్లలకు ఇస్తే ఎట్లా? తెలుగు ఎంచుకున్నాక ఒకమ్మ ఎత్తింది, ఊరికే చూద్దామని చేశానమ్మా అంటే కోప్పడలేదు, "మీరెట్లా ఉన్నారు" అని అడిగింది. నిజం చెప్పొద్దూ, పది నిమిషాలు నా గోడే చెప్పుకున్నాను. పిల్లవాడు తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, "నేను లేకుంటే మీకు నయం" లాంటి మాట ఒక్కటి అన్నా, తమాషాకు అన్నాడులే అనుకోకండి. పక్కనే కూర్చోండి, ఒక్కణ్నే వదలకండి, ఆ నంబరుకు మీరే చేయండి, లేదంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని ఇంకో ఆసుపత్రికో తీసుకుపోండి. అట్లా అడిగితే పిల్లవాడికి లేనిపోని ఆలోచన వస్తుందని కొందరు భయపడతారు. రాదు. అడిగితే చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికినట్టు ఉంటుంది.

ఇప్పుడు మీతోనే నా పని. ఫలితాల మర్నాడు మీ పేపర్ మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటన ఉంటుంది, పాస్‌పోర్టు ఫొటోలు గింజలు పోసినట్టు. మీకు ప్రకటనలు కావాలి, కాదనను, నేనూ వ్యాపారస్తుణ్నే. అదే రోజు లోపలి పేజీలో సగం నాకు ఇవ్వండి. మెమో ఎట్లా చదవాలి, ఒకటి రెండు పేపర్లు పోతే ఏమవుతుంది, ఏమవదు, రీకౌంటింగ్ అంటే ఏంటి, రీ వెరిఫికేషన్ అంటే ఏంటి, ఆ ఏడాది ఫీజులెంత, ఆఖరు తేదీ ఎప్పుడు, సప్లిమెంటరీ ఎప్పటి నుంచి. చదువు ఆపాలనుకునే వాళ్లకు పదో తరగతి మార్కులతోనే ఐటీఐ ఉందని, ఓపెన్ స్కూల్ ఉందని. పెద్ద అక్షరాల్లో 14416. ఒక పిల్లవాడో పిల్లో పోయిన వార్త రాయాల్సి వస్తే, "మార్కులు తగ్గాయని" అంటూ ఒకే కారణం హెడ్డింగ్‌లో పెట్టకండి, ఎట్లా పోయారో వివరాలు రాయకండి, ఆ నవ్వే ఫొటో వేయకండి. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే ఇట్లాంటి వార్తల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, మీకు నేను చెప్పాలా?

ఆ సగం పేజీ ఫలితాల రోజు దాకా ఆగకుండా పరీక్షలకు ముందే ఒకసారి వేస్తే ఇంకా మంచిది. అపశకునం అని ఎవరైనా ఫోన్ చేసి తిడితే నా షాపుకు పంపండి, నేను మాట్లాడతాను. మీరు వేసిన రోజు నా ఖర్చుతో 500 కాపీలు జిరాక్స్ తీసి హాస్టళ్ల గేట్ల దగ్గర, బస్టాండ్‌లో పంచుతాను. ఏ4 సైజులో పట్టేట్టు వేయండి, తగ్గించి తీస్తే అక్షరాలు కనపడవు.

ఇట్లు,
ఒక జిరాక్స్ సెంటర్ యజమాని,
హన్మకొండ